పోటీ పరీక్షల ప్రత్యేకం: పత్తి, నూలు, అరిస్టాటిల్

రాజపాళయం తెలుగు ఇళ్ల పిల్లలకు నూలు మిల్లు కొత్త కాదు, పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించింది 1936లో. వస్తువు అంటే ఏమిటన్న గ్రీకు తత్వంలోని చిక్కు ప్రశ్న ఆ మిల్లులోనే విడిపోతుంది. అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) లెక్కన పత్తి పదార్థం, దాన్ని నూలుగా నిలిపేది రూపం, రెండూ కలిస్తేనే వస్తువు. గురువు ప్లేటో మాత్రం అసలు రూపాలు ఇంద్రియాలకు అందని చోట, మార్పు లేకుండా ఉంటాయన్నాడు. ఈ తేడా పట్టుబడితే సగం బరువు దిగినట్టే.

ఇక వీళ్లకు ముందటి గ్రీకు తత్వవేత్తల సంగతి: అన్నిటికీ మూలపదార్థం థేలీస్‌కు నీరు, అనాక్సిమెనీస్‌కు గాలి. హెరాక్లిటస్ అంతా మార్పే అంటే, పార్మెనిడీస్ మార్పే భ్రమ అన్నాడు. ఎంపెడోక్లీస్‌వి నాలుగు భూతాలే. మన పంచభూతాల్లోని ఆకాశం వాటిలో లేదు. అభ్యర్థులు తడబడేది ఇక్కడే, జాగ్రత్త. పరమాణువాదం ల్యూకిప్పస్, డెమోక్రిటస్‌లది. మన దేశంలో వైశేషిక దర్శనకర్త కణాదుడిది.