తెలుగు వాచకమున కర్సరు సంచారము

కంప్యూటరుపై వాచకమును దిద్దు ఎడిటరులందు లేఖకుని కలము వహించు స్థానమును కర్సరు వహించుచున్నది. అది రెండక్షరముల నడుమ నిలుచు సన్నని గీత. అయితే అక్షరమనగానేమి యను ప్రశ్నకు సమాధానము లభింపనిదే అది యొక్క అడుగైనను వేయజాలదు.

ఆంగ్లమున నీ ప్రశ్న అంతగా బాధింపలేదు. తెలుగున 'స్త్రీ' అను నొక్క అక్షరమును యూనికోడు ఆరు సంకేతములుగా భద్రపరచును: సకారము, పొల్లు, తకారము, మరల పొల్లు, రకారము, గుడిదీర్ఘము. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో నివి 18 బైట్లు. సంకేతమున కొక అడుగు చొప్పున నడచినచో ఆ యొక్క అక్షరమును దాటుటకు మీటను ఆరు మారులు నొక్కవలసివచ్చును. కావుననే యూనికోడు 29వ అనుబంధము 'గ్రాఫీమ్ క్లస్టరు' అను అక్షరగుచ్ఛమును నిర్వచించినది. ఆ నిర్వచనము చిరకాలము పొల్లు తరువాత తెగుటను అంగీకరించెను. 'స్త్రీ' యందు స్, త్, రీ అను మూడు ఖండము లేర్పడుచుండెను. 2023లో వెలువడిన 15.1వ కూర్పుతో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళ లిపులలో సంయుక్తాక్షరము నడుమ తెగరాదను నియమము చేరినది. గణవిభజన చేయు విద్యార్థి మొదటినాడే నేర్చు సంగతి ఇది.

కర్సరు గుచ్ఛము లోపల ప్రవేశింపరాదనుట సమంజసమే. కాని చెరపుటయు గుచ్ఛముగనే జరిగినచో పరిష్కర్తకు చిక్కు. ఒక్క దీర్ఘమును హ్రస్వము చేయుటకు అక్షరమంతయు మరల కూర్పవలెను. అందువలన పలు ఎడిటరులందు బ్యాక్‌స్పేసు మీట ఒక్కొక్క సంకేతమును, డిలీటు మీట గుచ్ఛము నంతను తొలగించును. ఇందొక విచిత్రము కలదు. 'లక్ష్మీ' యందలి గుడిదీర్ఘము కంటికి కకారము తలపై కనబడును. షకార మకారములు వత్తులై నిలుచును. స్మృతిలో మాత్రము గుడిదీర్ఘమే అన్నిటికంటె చివరిది. మొదటి నొక్కుతో నదియే పోవును. రెండవ నొక్కుతో మకారవత్తు పోయి, అంతవరకు కానరాని పొల్లు 'క్ష్' అని పైకి తేలును. ఈ క్రమము నెరుగనివారు ఎడిటరే చెడినదని భ్రమింతురు.

నిలువు గమనమున సమస్య వేరు. దీర్ఘపంక్తి నుండి హ్రస్వపంక్తికి దిగిన కర్సరు, దాని క్రిందనున్న దీర్ఘపంక్తిని చేరినప్పుడు తొలి స్థానమునకే మరలవలెను. అందులకై ఎడిటరు ఆ స్థానమును జ్ఞాపకముంచుకొనును. ఈమాక్సు పరిభాషలో నిది 'గోల్ కాలమ్'. అక్షరములన్నియు సమాన వెడల్పుగల తెరపై దానిని లెక్కించుట సులభము. తెలుగున 'ఝ', 'ర' లకు వెడల్పు సాటిరాదు. ఇరువదవ అక్షరము క్రింద ఇరువదవ అక్షరమే యుండునన్న నమ్మకము లేదు. అంచు నుండి తెరపై దూరమును కొలుచుటయే సరియైన మార్గము. వచనమున మరియొక చిక్కు. పేరా యంతయు నొకే పంక్తిగా నిలువయుండుటచే, పూర్వపద్ధతిలో క్రిందిబాణము నొక్కిన కర్సరు పేరానే దాటిపోయెడిది. 2009లో వెలువడిన 23వ ఈమాక్సు తెరపై కనబడు పంక్తి ననుసరించి నడచుటను సహజస్థితిగా చేసినది.

పుటను జరుపుటలో రెండు సంప్రదాయములు కలవు. 1976లో బిల్ జాయ్ ఆరంభించిన వి.ఐ. యందును, ఈమాక్సునందును కర్సరు కిటికీలోనే యుండవలెను. వాచకము జరిగినచో నదియు ఈడ్వబడును. నోట్‌ప్యాడు వంటివానిలో కర్సరు ఉన్నచోటనే నిలుచును, చూపు మాత్రమే కదలును. ఒక అక్షరము కొట్టగనే తెర మరల దానిని చేరును. పాఠాంతరమునకై వెనుకటి పద్యమును చూచి మరలు పరిష్కర్తకు రెండవది అనుకూలము. వి.ఐ. నుపయోగించువాడు బయలుదేరుటకు ముందే 'ఎమ్' మీటతో గురుతు పెట్టుకొనవలెను.