వంటయింటికి తగిన పాత్రలు, పనిముట్లు

గోదావరి డెల్టాలోని పాత మండువా యిండ్ల అటకలు పరికించినచో ఇత్తడి గుండిగలు, గంగాళములు, కాగులు, బిందెలు వరుసగా బోర్లించి యుండుట కాననగును. అవి అమ్మమ్మల నాడు సారెతో వచ్చినవి. వంటయింటిలోనికి వచ్చి చూచినచో, ఇల్లాలు దినమంతయు వండునది సొట్టలు పడిన మూడు నాలుగు గిన్నెలతోనే. అటకమీది సొత్తు ఏటికొకమారు చింతపండుతో తోమించుకొనుటకు క్రిందికి దిగి, మరల పైకెక్కును. నేడు ఇత్తడికి బదులు స్టీలు వచ్చినను పద్ధతి మారలేదు. పెండ్లికి ఎన్ని సామానులు పెట్టిరని లెక్కించువారే గాని, వానిలో పొయ్యి మీదికెక్కునవి ఎన్నియని అడుగువారు అరుదు.

ఇది ఇల్లాండ్ర విషయము, పంచాయితీకి ఇందు పనియేమని కొందరు తలంపవచ్చును. మన పంచాయితీలలో సగము స్థానములు స్త్రీలకే ప్రత్యేకింపబడి యున్న సంగతి అటుంచినను, బడి భోజనము, అంగన్‌వాడీ వంట, వరదనాటి సహాయ కేంద్రము సభ్యుల కన్నుల యెదుటనే జరుగుచుండును. అక్కడ పాత్ర చెడ్డదైనచో నష్టము ఒక కుటుంబముతో పోదు.

ఏ పాత్ర కొనబోవునపుడైనను రెండు ప్రశ్నలు వేసికొనవలెను. వారములో దీనితో ఎన్ని పనులు జరుగును? చెడిపోయినచో బాగుచేయువారు దగ్గరలో కలరా? బరువు, మెరుపు, ధర వీని తరువాతి సంగతులు.

మొదట పొయ్యిని చూడవలెను. మూడు రాళ్ళ పొయ్యికి గుండ్రని అడుగు గల కుండయే తగియుండెను. కొబ్బరిమట్టల మంట దానిచుట్టును ప్రాకి, పాత్ర నంతటిని సమముగా కాచెడిది. 1999లో ఆరంభమైన దీపము పథకముతో గ్యాసు పొయ్యి పల్లెలలోనికి విరివిగా వచ్చినది గాని, పాత్రలు వెంటనే మారలేదు. గుండ్రని అడుగు పాత్ర గ్యాసు పొయ్యిపై ఒరగును. మరగుచున్న ఎసరు ప్రక్కనున్న పిల్లలపై పడు ప్రమాదము కలదు. కావున గ్యాసు గల యింట బల్లపరుపు అడుగు పాత్రలే ఉండవలెను. పలుచని స్టీలు గిన్నె మంట తగిలినచోటనే మాడును గనుక, స్టీలులో దళసరి అడుగు గలదానినే ఎన్నుకొనవలెను. ఇండక్షన్ పొయ్యి వాడదలచినవారు అంగడికి చిన్న అయస్కాంతమును తీసికొనిపోవుట మంచిది. అది పాత్ర అడుగున అంటుకొననిచో ఆ పాత్ర ఇండక్షన్ పొయ్యిపై వేడెక్కదు.

అన్నము వండు పాత్రను గూర్చి కొంత విపులముగా చెప్పవలసి యున్నది. మన వాడుక ఎసరు ఎక్కువగా పోసి, ఉడికినపిమ్మట సిబ్బి మూసి గంజి వార్చుట. గంజితోపాటు బియ్యములోని బి-1 విటమిను చాలవరకు పోవును. మరపట్టిన తెల్లబియ్యములో అది ముందే తక్కువ. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున, గోదావరి జిల్లాలతో గూడిన ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి కనబడుచుండెను. కూనూరు పరిశోధనశాలకు చెందిన మెక్కారిసన్, ఆయిక్రాయిడ్ వంటి శాస్త్రజ్ఞులు బియ్యపు పోషణను గూర్చి పెక్కు పరిశోధనలు చేసిరి. ధాన్యము పండించు సీమయందే అన్నము తిని జబ్బుపడుట విచిత్రమే గదా! కొలతగా నీరు పోసి, ఆ నీరు ఇగిరిపోవునట్లు వండు అత్తెసరు పద్ధతిలో ఈ నష్టము లేదు. దానికి కావలసినదెల్ల దళసరి అడుగును, బిగువైన మూతయు గల గిన్నె. వార్చు అలవాటు మానలేనివారు ఆ గంజిని పారబోయక పప్పులోనో, పులుసులోనో కలుపుకొనవచ్చును.

ప్రెషర్ కుక్కరులో నీరు సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరగును గనుక కందిపప్పు త్వరగా ఉడుకును, గ్యాసు కలిసివచ్చును. ఒక కుక్కరులో గిన్నెలు పేర్చి అన్నము, పప్పు, కూర ఒకేసారి ఉడికించవచ్చును. వెయిటు తీసివేసి ఇడ్లీలు వేసికొనవచ్చును. ఇన్ని పనులు చేయు పాత్ర మరొకటి లేదు. అయితే ఇది నిర్లక్ష్యమును సహించునది కాదు. 2021 నుండి కుక్కరులకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి; ముద్ర లేనిదానిని సంతలో చౌకగా దొరికినను కొనరాదు. మూడింట రెండు వంతులకు మించి నింపరాదు, పప్పయినచో సగమే. ఆవిరి గొట్టములో పప్పు పొట్టు అడ్డుపడకుండ ప్రతిదినము చూచుకొనవలెను. రబ్బరు కట్టు, రక్షణ కవాటము ఆ కంపెనీవే దొరకునా యని కొనుటకు ముందే విచారింపవలెను.

ఇత్తడికి మన సీమలో పెరవలి మండలములోని అజ్జరము పేరుగన్నది. అచటి పనివాండ్ర బిందెలు, గంటలు దూరప్రాంతములకు పోవును. ఇత్తడి రాగి, తుత్తునాగముల మిశ్రమము. చింతపండు, మజ్జిగ, నిమ్మరసము వంటి పులుపు తగిలినచో రాగి కరగి ఆహారములో చేరును, వంటకము కనరెక్కును, ఎక్కువైనచో వాంతులగును. దీనిని నివారించుటకే లోపల తగరపు పూత, అనగా కళాయి వేయుదురు. తగరము 232 డిగ్రీలకే కరుగును గనుక కళాయి పాత్రను వట్టిగా మంటమీద పెట్టరాదు. లోపల పసుపుపచ్చని ఇత్తడి తొంగిచూచిన వెంటనే మరల కళాయి పెట్టించవలెను. చౌకకు ఆశించి తగరములో సీసము కలిపిన పూత వేయించుకొనుట విషము కొని తెచ్చుకొనుటయే. తగరమును నమ్మకమైన అంగడిలో తామే కొని కళాయివానికి ఇచ్చుట క్షేమము.

అల్యూమినియము తేలిక, చౌక; పులుపును మాత్రము అందులో నిలువ ఉంచరాదు. ఊరగాయలకు జాడీని మించినది లేదు. పులస పులుసునకు మట్టికుండయే కావలెనని మనవారనుట వట్టి రుచి పట్టుదల కాదు. మట్టికి చింతపండుతో పేచీ లేదు. రాచ్చిప్పయు అట్టిదే.

నన్నడిగినచో ప్రతి యింటను మొదట ఉండవలసినది ఇనుప మూకుడు. వేపుడు, దిబ్బరొట్టె, గారెలు, బూరెలు, పోపు అన్నియు దానిలోనే అగును. వంటలో కొంత ఇనుము ఆహారములో చేరును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనులని తేలినందున ఇది చిన్న లాభము కాదు. రక్తహీనతకు ఇదియే మందని మాత్రము చెప్పజాలము. పని ముగిసినపిమ్మట కడిగి, తుడిచి, నూనె రాయనిచో త్రుప్పు పట్టును.

కోరు గల కత్తిపీట కూరలు తరుగుటకు, కొబ్బరి కోరుటకు కూడ పనికివచ్చును; పిల్లలకందనిచోట పెట్టవలెను, మోకాళ్ళ నొప్పులవారికి చాకు, పలక ఇవ్వవలెను. బిళ్ళలు మార్చిన జంతికల గొట్టము కారప్పూసకును, చక్రములకును ఉపకరించును. ఆత్రేయపురపు పూతరేకుల కుండ మాత్రము ఒక్క పనికే. రేకులు తీసి జీవించు ఇంటికి అది పెట్టుబడి, తక్కినవారికి అలంకారము. పొట్టిక్కలకు పాత్రయే అక్కరలేదు, పనసాకుల బుట్ట చాలును. మిక్సీ వచ్చినదని రోలును అమ్మివేయరాదు. 1996 నవంబరు 6న కోనసీమపై విరుచుకుపడిన తుపానులో విద్యుత్ స్తంభములు కూలినపుడు ఆ సంగతి తెలిసివచ్చినది.

ఇక ఊరుమ్మడి పాత్రలు. లంకల గన్నవరమున దారిని పోవువారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి (1841-1909) పేరు 2024లో రాష్ట్రపు బడి భోజన పథకమునకు పెట్టిరి. ఆ వంటశాలలోని పాత్రలను సభ్యులు ఒకసారి ఎత్తి చూడవలెను. ప్రాథమిక తరగతి పిల్లవానికి బియ్యము 100 గ్రాములు. అరువదిమందికి 6 కిలోలు. దానికి నీరు రమారమి 14 లీటర్లు. పాత్ర బరువుగాక ఇరువది కిలోల మరగు అన్నమును వంటచేయు స్త్రీలు పొయ్యినుండి దింపవలసి యుండును. ఒకే 30 లీటర్ల డేగిసాకు బదులు రెండు వైపుల గట్టి పిడులు గల 15 లీటర్లవి రెండు కొన్నచో కాలిన గాయముల భయము తగ్గును. ఒకటి చెడినను వంట ఆగదు. పొడవైన దానికంటె వెడల్పైనది మేలు.

1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి పొంగినపుడు లంక గ్రామములవారు ఇండ్లు విడిచి గట్టెక్కవలసి వచ్చినది. పడవలో మోయదగిన తేలికైన అల్యూమినియము డేగిసాలు, ఒకదానిలో నొకటి ఇమిడెడివి, మూతలతో, గరిటెలతో, కుళాయి గల మంచినీటి డ్రమ్ముతో సహా ఎత్తైన భవనమునందు ముందే ఉంచుకొనవలెను. పెండ్లిండ్లకు వీనినే అద్దెకిచ్చినచో మరమ్మతు ఖర్చు వచ్చును; అయితే జూన్ నుండి అక్టోబరు వరకు ఊరు దాటనీయరాదు. ప్రతి పాత్రపై గ్రామము పేరు, వరుస సంఖ్య చెక్కించి, ఇచ్చిన తేది, తిరిగి వచ్చిన తేది ఒక పుస్తకమున వ్రాయవలెను. తాళపుచెవి ఇద్దరివద్ద ఉండవలెను, వరదనాటి రాత్రి ఒకరు దొరకకపోవచ్చును.

కళాయి వేయువారు ఇప్పుడు ఊరూరను లేరు. రెండు మూడు పంచాయితీలు కలిసి ఒకనిని పిలిపించి, చావడివద్ద రెండు దినములు కూర్చుండజేసినచో అటకమీది గుండిగలును, గుడి పాత్రలును ఒకేమారు బాగుపడును. మాఘమాసపు పెండ్లిండ్లకు ముందు, పుష్యములోనే ఆ పని పెట్టుకొనుట అనుకూలము.