చెల్లే, సంతకం పెట్టే ముందు కాగితం చదివావా?

మొన్న ఆదివారం మా చాళీలో సూట్‌కేసు పంచాయితీ. పక్క ఖోలీ పిల్లకి కంపెనీ వాళ్లు జోహన్నెస్‌బర్గ్‌లో ప్రాజెక్టు ఇచ్చారు, ఆరు నెలలు. జూన్‌లో ప్రయాణం. ఆ పెద్ద సూట్‌కేసు తెరిస్తే ఖోలీలో ఇంక కాలు పెట్టే చోటు లేదు. గ్యాలరీలోకి లాగి, నల్లా నీళ్లకి పోయేవాళ్ల కాళ్ల మధ్యే సర్దుడు మొదలుపెట్టాం. పై అంతస్తు అవ్వ ఒకటే గోల: "ఆఫ్రికానా బిడ్డా? ఎండకు మాడిపోతవ్. పల్చటి బట్టలే వెట్టుకో."

కాదవ్వా, మనకి వానలు పడే జూన్, జూలైలో అక్కడ చలికాలం. జోహన్నెస్‌బర్గ్ సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తున ఉంది, తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. ముంబైలో పుట్టినవాళ్లకి స్వెట్టరంటే జనవరిలో నాలుగు రోజుల ముచ్చట. అందుకే అవ్వ మాట మీద తీసిన స్వెట్టర్లన్నీ మళ్లీ పెట్టాం, శాలువాతో సహా. ప్లగ్గుల సంగతీ చెబుతాను. మన గీజర్‌కుంటుందే, మూడు లావు గుండ్రటి కాళ్లది, అదే అక్కడ చాలాచోట్ల గోడకి పడుతుంది. దాన్ని బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తీసుకెళితే చాలు.

జోహన్నెస్‌బర్గ్‌లో మలేరియా బాధ లేదు. పని మీద మొజాంబిక్‌కో, జాంబియాకో పంపితే మాత్రం ముందే డాక్టర్ని అడిగి మాత్రలు తీసుకోవాలి. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళుతూ ఆ ఎయిర్‌పోర్టులో 12 గంటలు దాటి ఆగావంటే, దక్షిణాఫ్రికా వాళ్లు ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. ఆ టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి, ఆఖరి రోజు పరుగెత్తితే పనికిరాదు.

ఇంతా అయ్యాక వీసా ఫారం నింపుతూ చిరునామా దగ్గర పిల్ల పెన్ను ఆగింది. "అక్కా, ముంబై సెంట్రల్ అని రాయనా?" ఎందుకడిగిందో నాకు తెలుసు. మనముండే కామాఠీపురా పేరు చెప్పగానే ఎదుటివాళ్ల మొహం ఎలా మారుతుందో మనందరం చూసినవాళ్లమే. నేనూ కాలేజీలో అబద్ధం చెప్పినదాన్నే. అసలు ఈ పేరు మనవాళ్లదే కదే. నిజాం రాజ్యం నుంచి తట్టా పారా పట్టుకుని, ఈ ఊరు కట్టడానికి కూలికొచ్చిన తెలుగు కామాఠీల పేరు. వాళ్లదీ ప్రాజెక్టు పనే! పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయమన్నాను. రాసింది.

తర్వాత కంపెనీ లెటర్ చూపించమన్నాను. అక్కడే నాకు ఒళ్లు మండింది. చదవకుండానే సంతకం పెట్టేసింది!

చెల్లే, ఒక పాత ముచ్చట చెబుతాను. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి 342 మందిని దింపింది. 1911 వరకూ అలా ఓడలు పోతూనే ఉన్నాయి, మొత్తం 1,52,184 మంది. అందులో మన తెలుగువాళ్లు ఎంతోమంది. ఐదేళ్ల అగ్రిమెంటు. కూలీల నోళ్లలో ఆ మాట నలిగి గిరిమిట్ అయింది. మగాడికి నెలకి 10 షిల్లింగులతో మొదలు, ఆడదానికి అందులో సగం. ఇక 1895 చట్టం చూడు: గడువు తీరాక మళ్లీ ఒప్పందానికి ఒప్పుకోకుండా, తిరిగి రాకుండా అక్కడే ఉంటానంటే ఏడాదికి 3 పౌన్ల పన్ను. ఆ సగం జీతం లెక్కగట్టు, ఏడాదంతా కలిపితే అచ్చంగా 3 పౌన్లే! తర్వాత 13 ఏళ్లు దాటిన ఆడపిల్లల మీదా వేశారు. 1913లో మన ఆడవాళ్లు న్యూకాజిల్ బొగ్గు గనుల దగ్గర కూలీలను సమ్మెకి లేపి జైలుకి పోయాకగానీ కదలిక రాలేదు. 1914లో పన్ను ఎత్తేశారు.

వేలిముద్ర వేసినవాళ్లకి చదువు రాదు. నీకేమైందే, డిగ్రీ చదివినదానివి?

సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకి పనికి వెళ్లేవాళ్లలో పదో తరగతి దాటనివాళ్ల కాగితాలు మన సర్కారు చూసి పంపుతుంది. ఆ జాబితాలో దక్షిణాఫ్రికా లేదు, బోట్స్వానా లేదు, జాంబియా లేదు. కాబట్టి చూసుకోవాల్సింది నువ్వే. ఏ వీసా మీద పంపుతున్నారు, ఇంటద్దె ఎవరు కడతారు, జబ్బు చేస్తే ఇన్సూరెన్స్ ఎంత, పని మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారు. ఇద్దరం గ్యాలరీలో కూర్చుని వేలు పెట్టి ఒక్కో లైను చదివాం. వెళ్లే టికెట్ రాశారు. తిరుగు టికెట్ ఊసే లేదు!

సోమవారం పిల్ల మెయిల్ పెట్టింది, చేతులు వణుకుతూనే. బుధవారానికి తిరుగు టికెట్ చేర్చిన కొత్త లెటర్ వచ్చింది. దాని కాపీ ఒకటి మా బీరువాలో, పాత రేషన్ కార్డు పక్కన ఉంది.