చుట్టుదారి

ప్రయాణమునకు బయలుదేరువారు సాధారణముగా "ఎంత దూరము?" అని అడుగుదురు. "ఎంత కాలము పట్టును?" అని అడుగువారు కొందఱు. "ఏ వేళకు ఎచ్చట ఉందుము?" అని ముందుగా ఆలోచించువారు మిక్కిలి అరుదు. ఈ మూడవ ప్రశ్న వేసికొననందున మా కుటుంబమునకు కలిగిన కష్టమును, దానివలన నేను నేర్చుకొన్న పాఠమును మీకు చెప్పెదను.

మాది కర్నూలు. 2022వ సంవత్సరమున కార్తీకమాసములో నా మనుమరాలికి బాసరలో అక్షరాభ్యాసము చేయింప నిశ్చయించితిమి. బాసర తెలంగాణమున నిర్మల్ జిల్లాలో గోదావరీ తీరమున నున్న సరస్వతీ క్షేత్రము. మఱునాటి ఉదయము ఆఱున్నర గంటలకు మా పురోహితులు ముహూర్తము నిర్ణయించిరి. రాత్రి తొమ్మిది గంటలు దాటిన కొంతసేపటికి బాసర చేరి, సుఖముగా నిద్రించి, వేకువనే లేచి గోదావరిలో స్నానము చేయవలెనని మా తలంపు.

మధ్యాహ్న భోజనమైన పిదప రెండుగంటలకు కారులో బయలుదేరితిమి. తుంగభద్ర వంతెన దాటితిమి. బీచుపల్లి కడ కృష్ణకు నమస్కరించితిమి. జడ్చర్ల, షాద్‌నగరము వెనుకబడినవి. ఐదున్నర గంటలకు శంషాబాదు చేరితిమి. ప్రొద్దు గ్రుంకుచుండెను.

అచ్చట దారి రెండుగా చీలును. ఒకటి తిన్నగా హైదరాబాదు నగరము నడుమనుండి పోవును. రెండవది ఔటర్ రింగు రోడ్డు అని జనులు పిలుచు బాహ్యవలయ రహదారి. అది నగరమునకు వడ్డాణమువలె 158 కిలోమీటర్ల పొడవున చుట్టి యున్నది. కర్నూలునుండి వచ్చువారు శంషాబాదు కడ దానిపై కెక్కి, మేడ్చల్ సమీపమున దిగినచో, నగరమున అడుగు పెట్టకుండనే నిజామాబాదు వైపు పోవు జాతీయ రహదారిని మరల కలిసికొనవచ్చును.

కారు నడుపుచున్న నా కుమారుడు వేగము తగ్గించి, "నాన్నగారూ! ఇది కచేరీలు విడుచు వేళ. చుట్టు రహదారి మీదుగా పోదమా?" అని అడిగెను.

నేను పటమును చూచితిని. నగరము నడుమ దారి ఇంచుమించు 50 కిలోమీటర్లు. చుట్టుదారి పడమటి వైపునుండి పోయినను 70 కిలోమీటర్లకు పైబడును. పైగా దానికి సుంకము చెల్లింపవలెను. "తిన్నని దారి యుండగా, రొక్కమిచ్చి చుట్టు తిరుగుట యెందులకు నాయనా? నేరుగానే పొమ్ము" అంటిని. పెద్దవాడనగుటచే వాడు మాఱు పలుకలేదు.

ఆరాంఘర్ నుండి మెహిదీపట్నము వఱకు పి.వి. నరసింహారావుగారి పేరిట నిర్మించిన పొడవైన వంతెన కలదు. దాని పొడవు 11 కిలోమీటర్లకు మించును. దానిపై మా కారు హాయిగా సాగెను. "చూచితివా?" అని నేను గర్వముగా అంటిని. వంతెన దిగినంతనే నా గర్వమును దిగిపోయెను. మా ముందు కనుచూపు మేర ఎఱ్ఱదీపములే! కారు పది అడుగులు జరుగును, ఆగును. మరల పది అడుగులు జరుగును, ఆగును.

ఇట్లేల జరుగునో మీకు తెలియవలయును. మా కర్నూలు–కడప కాలువ తూమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. తూము తన వెడల్పునకు తగినంత నీటినే వదలును. ఎగువనుండి అంతకు మించిన నీరు వచ్చినచో, అది తూమువెనుక నిలిచి పెరుగును. రహదారియు నట్టిదే. ఒక కూడలి నిమిషమునకు కొన్ని వాహనములనే దాటింపగలదు. కచేరీలు, పాఠశాలలు, అంగళ్లు ఇంచుమించు ఒక్కవేళనే వేలకొలది జనులను వీథిలోనికి వదలినపుడు, వచ్చు వాహనములు ఎక్కువ, దాటునవి తక్కువ అగును. వరుస పెరుగుచుండును. మఱియు ముందున్నవాడు ఒక్కసారి బ్రేకు వేసినచో, ఆ ఆగుట అలవలె వెనుకకు ప్రాకి, కారణమెఱుగని వెనుకటివారినిగూడ నిలిపివేయును. ఱద్దీ వేళ ముగిసినను, నిలిచిన వరుస కరగుటకు మఱికొంత కాలము పట్టును.

పంజాగుట్ట సమీపమున మా వెనుక 108 వాహనపు కూత వినవచ్చెను. అందఱును దారి ఇయ్యవలెననియే చూచిరి. కాని జరుగుటకు ఎవరికిని చోటు లేదు. నా కుమారుడు చక్రము త్రిప్పి, మూరెడు ఈవలికి, మూరెడు ఆవలికి జరిపి చూచెను. ఆ వాహనము మమ్ము దాటుటకు చాలసేపు పట్టెను. అందున్న రోగి యెవరో, సకాలమున వైద్యుని కడకు చేరెనో లేదో మాకు తెలియదు. మా మనుమరాలు నా చేయి పట్టుకొని, "తాతగారూ, మనకు ఈ ఊరిలో పని యేమి?" అని అడిగెను.

మూడేండ్ల బిడ్డ వేసిన ఆ ప్రశ్నకు నాకు సమాధానము దొరకలేదు. నిజమే. ఆ వేళ ఆ వీథిలో ఉన్నవారిలో అనేకులు ఇల్లు చేరవలసినవారు, పనిపై పోవలసినవారు. వారికి వేఱు దారి లేదు. మాకు ఆ నగరమున ఏ పనియు లేదు. వేఱు దారియు ఉన్నది. అయినను కొన్ని కిలోమీటర్లు, కొంత సుంకము మిగులునని వారి త్రోవలో మా కారును తెచ్చి నిలిపితిని.

మేడ్చల్ దాటునప్పటికి తొమ్మిది గంటలు కావచ్చెను. 50 కిలోమీటర్లకు మూడుగంటల ఇరువది నిమిషములు పట్టినవి. అనగా గంటకు 15 కిలోమీటర్లు! చుట్టుదారిలో గంటకు 70 కిలోమీటర్ల చొప్పున మెల్లగా నడిపినను, గంటకు కొంచెము పైగా చాలియుండెడిది. బాసర చేరుసరికి అర్ధరాత్రి దాటెను. అలసిన పాపకు తెల్లవాఱుసరికి ఒడలు కాగెను. ముహూర్తము దాటిపోయెను. ఎండ ఎక్కిన తరువాత, కన్నులు మూతలు పడుచుండగా, ఆ బిడ్డచేత అక్షరములు దిద్దించితిమి. నన్నెవ్వరును ఒక్కమాట అనలేదు. అదియే నాకు ఎక్కువ బాధ కలిగించెను.

2024వ సంవత్సరమున మనుమని అక్షరాభ్యాసమునకు మరల బాసర పోవలసివచ్చెను. ఈసారి నేనే ముందురోజు కాగితము, కలము తీసికొని కూర్చుంటిని. "ఎప్పుడు బయలుదేరుదము?" అని ఆరంభింపలేదు. "శంషాబాదును ఏ వేళకు చేరవలెను?" అని ఆరంభించి, వెనుకకు లెక్క వేసితిని. ఉదయపు ఱద్దీ తగ్గి, సాయంకాలపు ఱద్దీ మొదలుకాని నడిప్రొద్దు మంచిది. కర్నూలునుండి అచ్చటికి, నడుమ విశ్రాంతితో కూడ, మూడున్నర గంటలు. కావున తొమ్మిదింటికి బయలుదేరవలెను.

చుట్టుదారిలోను ఆలోచింపవలసినది కలదు. దాని పడమటి భాగమున గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతములలో పెద్ద పెద్ద కార్యాలయములున్నవి. ఉదయ సాయంకాలములందు ఆ వైపున వాహనములు హెచ్చు. అట్టి వేళ చేరువారు, దూరము మఱికొంత ఎక్కువైనను, ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేటల మీదుగా పోవు తూర్పుభాగమును ఎన్నుకొనుట మేలు. మేము మధ్యాహ్నమున పోవుచుంటిమి గనుక పడమటి వైపే చాలును.

నా కుమారుడు చరవాణిలోని పటమును చూపి, "నాన్నగారూ, ఇది ఱద్దీని తానే చెప్పును గదా!" అనెను. "చెప్పును నాయనా! కాని అది ముఖ్యముగా ఇప్పటి ఱద్దీని చూపును. మూడుగంటల తరువాతి ఱద్దీని మన బుద్ధితో ఊహింపవలెను. శంషాబాదు కడ మఱియొకసారి చూతము" అంటిని. ఇంధనము, మంచినీరు, చక్రములలోని గాలి ముందే సరిచూచుకొంటిమి. ఆ రహదారిపై ఇచ్చవచ్చినచోట ఆగరాదు, వెనుకకు తిరుగరాదు. నిర్ణీతమైన కూడలులయందే దిగవలెను.

ఆ దినము మా కారు ఎచ్చటను చిక్కుపడలేదు. డిచ్‌పల్లి కడ జాతీయ రహదారిని విడిచి, నిజామాబాదు, నవీపేటల మీదుగా వెలుతురుండగనే బాసర చేరితిమి. పిల్లలు గోదావరి యొడ్డున ఆడుకొని, వేళకు నిద్రించిరి. మఱునాడు సరియైన ముహూర్తమున నా మనుమడు నవ్వుచు "ఓం నమః" దిద్దెను. ప్రక్కనే కూర్చున్న అక్క వాని వ్రేలు పట్టుకొనెను.

బాలబాలికలారా! మీరును పెద్దవారై వాహనములు నడుపుదురు. దూరమును మాత్రమే కొలిచి దారిని ఎన్నుకొనకుడు. కాలమును కొలువుడు. మీ వాహనము ఆ వేళ ఎవరి దారిలో నిలుచునో అదియు తలపోయుడు. ఱద్దీలో చిక్కినవాడు "ఈ వాహనములన్నియు నా కడ్డము వచ్చినవి" అనుకొనును. ఆ వాహనములలో తనదియు ఒకటి యని వానికి తోచదు. నాకును తోచలేదు. ఒక పసిబిడ్డ అడిగినగాని తోచలేదు.