దివానుల యిల్లు, రిబ్కా ముసుగు



ఈ మాసపు పాఠమునకు ఆదికాండము 15, 24 అధ్యాయములను ఇంటివారందరు కూడి చదువుకొనుడి. అబ్రాహామునకు పిల్లలు లేని దినములలో అతని ఆస్తికి కర్త కావలసినవాడు దమస్కు ఎలీయెజెరు. తరువాత ఇస్సాకు పుట్టెను. 24వ అధ్యాయములో ఇంటి పెద్ద దాసుడు యజమానుని కుమారునికి పెండ్లికుమార్తెను వెదకబోవుచున్నాడు. ఇతడే ఆ ఎలీయెజెరని పెద్దలు చెప్పుదురు. సమస్తము అతని చేతిలోనే యున్నది. అయినను ఆ అధ్యాయమంతట అతని పేరు ఒక్కసారియు కనబడదు.

మన హైదరాబాదులో అట్టి పెత్తనము ఒకే కుటుంబమునకు తరతరములు దక్కెను. 1804లో మీర్ ఆలం మొదలుకొని 1914 వరకు, నడుమ నడుమ విరామములతో, ఆ యింటివారు ఆరుగురు నిజాములకు దివానులైరి. వారిలో పేరెన్నిక గన్నవాడు మొదటి సాలార్ జంగు. 1853లో బీరారు కంపెనీ వశమైన నెలలోనే పినతండ్రి వరుసవాడైన సిరాజుల్ ముల్కు చనిపోగా, ఇరువది నాలుగేండ్లకే ఇతడు దివానాయెను.

అప్పటికి ఖజానా వట్టిపోయెను. తాలూకాలు గుత్తకు పోవుచుండెను. గుత్తదారుడు రైతును ఎంత పిండినను అడుగువాడు లేడు. సాలార్ జంగు ఆ పద్ధతి మాన్పించి, జీతముపై అధికారులను పెట్టి, 1865లో జిల్లాలు ఏర్పరచెను. 1869లో గద్దెనెక్కిన మహబూబ్ అలీ ఖానుకు మూడేండ్లయినను నిండలేదు. ఇది గమనించుడి: యజమానుడు పసిబిడ్డ, తాళపుచెవులు దాసుని వద్ద! ఇతర ఉమరావులతో కలిసి పదునాలుగేండ్లు రాజ్యము నడిపి, 1883లో కలరా సోకి అతడు చనిపోయెను. మరుసటి సంవత్సరమే నిజాము తన రాజ్యమును తాను చేపట్టెను.

అతనిని ఆకాశమునకెత్తుట నాకిష్టము లేదు. 1857లో అతడు ఇంగ్లీషువారి పక్షమున నిలిచినందుకు నేటికిని తప్పుపట్టువారున్నారు. కచేరిలో పారసీకమే చెల్లెను గాని రైతు మాటాడు తెలుగుకు చోటు దొరకలేదు. మేడ్చల్ వైపు మన పెద్దలు దున్నిన నేల నిజాము సొంత సర్ఫెఖాసు. అది దివానీలో కలిసినది 1949లోనే.

1876లో బీరారును తిరిగి అడుగవలెనని అతడు లండను వెళ్లెను. బీరారు రాలేదు. త్రోవలో రోములో బెంజోని చెక్కిన పాలరాతి రిబ్కాను కొనెను. ముసుగు కూడ రాయియే, అయినను లోపలి ముఖము కనబడును. ఇస్సాకును చూడగానే ఆమె వేసికొనిన ముసుగది.

అతని మనుమడు మూడవ సాలార్ జంగు 1889లో పుట్టెను. తండ్రి ఆ యేడే గతించెను. రెండేండ్లు దివానుగా నుండి 1914లో విడిచిపెట్టి, మిగిలిన ఆయుష్కాలమంతయు వస్తువులు సేకరించెను. పెండ్లాడలేదు. 1949 మార్చి 2న చనిపోవునప్పటికి కర్త లేడు. ఆ సొమ్ము జాగీరు రైతుల చెమట గనుక, అది ఏ కుమారునికిని పోక జనుల పాలగుట న్యాయమేనని నా తలంపు. 1951లో నెహ్రూగారు దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలను తెరచిరి. 1961లో పార్లమెంటు చట్టము చేసెను. 1968లో అది ఇప్పటి భవనమునకు మారెను.

మేడ్చల్, శామీర్‌పేట సంఘములవారు పిల్లలను తీసికొనిపోదురేని, అఫ్జల్‌గంజ్‌లో దిగి మూసీ వంతెన దాటినచో దగ్గరనే యున్నది. 24వ అధ్యాయము ముందుగా చదివించి తీసికొనిపొండి. శుక్రవారము మాత్రము వెళ్లకుడి, ఆ దినము మూసియుండును.