కోతి జ్వరము: తగ్గినదనుకొన్న తరువాత తిరిగి వచ్చు రెండవ జ్వరము

పిడుదు అనగానే రైతునకు తోచునది పశువు. ఆవు చెవి లోపల, పొదుగు సందున, తోక మొదట కరచుకొని రక్తము త్రాగు ఈ పురుగును కొన్ని జిల్లాలలో గోమారి అందురు. దీనివలన పశువు చిక్కిపోవుట, పాలు తగ్గుట మనము ఎరిగినవే. దీని కాటు వలన మనిషికి కూడ ప్రాణము మీదికి వచ్చు జ్వరము కలుగునని మాత్రము చాలమందికి తెలియదు.

మన పొరుగు రాష్ట్రమైన కర్నాటకలో, శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో, క్యాసనూరు అను అడవి కలదు. 1957లో అక్కడ కోతులు వరుసగా చచ్చి పడుచుండగా, చుట్టుపట్ల గ్రామములలో మనుషులకు తీవ్రమైన జ్వరము వచ్చెను. కోతులు చచ్చుట చూచి శాస్త్రజ్ఞులు మొదట ఇది ఆఫ్రికా ఖండపు పచ్చ జ్వరమేమోనని భయపడిరి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రము వారు పరీక్షించగా, రష్యా అడవులలో పిడుదుల వలన వచ్చు మెదడు వాపు వ్యాధి వైరస్‌కు ఇది దగ్గర చుట్టమని తేలెను. అడవి పేరు మీదనే దీనికి క్యాసనూరు అటవీ వ్యాధి అని పేరు పెట్టిరి. కన్నడ రైతులు దీనిని మంగన కాయిలె, అనగా కోతి జబ్బు, అందురు. చాల కాలము శివమొగ్గకును దాని చుట్టుపట్ల కర్నాటక జిల్లాలకును పరిమితమై యున్న ఈ వ్యాధి 2012 తరువాత బందీపూరు, నీలగిరులు, వయనాడు, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గ జిల్లాలలో కూడ బయటపడినది.

వైద్యము నేను బోధించు శాస్త్రము కాదు. అయినను ఈ జబ్బు పట్టునది ముఖ్యముగా సేద్యము పనులలో ఉన్నవారినే. కట్టెలకు, పచ్చిరొట్టకు, పశువుల క్రింద పరచు రాలుటాకులకు అడవికి పోవువారు, వక్క తోటలలోను జీడిమామిడి తోటలలోను పనిచేయువారు దీనికి గురియగుచున్నారు. మనవారు శృంగేరికి, కొల్లూరుకు యాత్ర పోవుట, జోగు జలపాతము చూడబోవుట కలదు. ఆ త్రోవలన్నియు మలెనాటి అడవులలోనివే. అందుచేత మన రైతులు కూడ ఈ జ్వరపు నడకను తెలిసికొని యుండుట మంచిది.

కరచునది పెద్ద పిడుదు కాదు. ఎదిగీ ఎదగని పిల్ల పిడుదు. అది నువ్వు గింజంత కూడ ఉండదు. కరచినప్పుడు నొప్పి తెలియదు గనుక, రోగిని అడిగినచో పిడుదు కరవలేదనియే చెప్పవచ్చును. ఈ పిల్ల పిడుదులు మార్గశిరము మొదలు ఎండకాలము వరకు, అనగా సుమారు డిసెంబరు నుండి మే వరకు, ఎండుటాకులలో విస్తారముగా ఉండును. జ్వరములు కూడ ఆ నెలలలోనే హెచ్చు.

కాటు పడిన మూడు మొదలు ఎనిమిది దినములలో జ్వరము ఒక్కసారిగా వచ్చును. ఉదయము పనికి పోయిన మనిషి సాయంకాలమునకు చలితో వణకుచు పడుకొనును. నుదురు పగిలిపోవునట్లు తలనొప్పి, పిక్కలలోను నడుములోను లేవనీయని నొప్పులు, ఎర్రబడిన కన్నులు ముందుగా కనిపించును. మూడు నాలుగు దినములకు వాంతులు, విరేచనములు తోడగును. అంగిలి మీద చిన్న నీటి పొక్కులు రావచ్చును. ఇంత జ్వరములోను నాడి మెల్లగా కొట్టుకొనుట వైద్యులు గమనించిన విశేషము. కొందరికి చిగుళ్ళ నుండి, ముక్కు నుండి రక్తము వచ్చును; మలము నల్లగా పోవును. రక్తము పరీక్షించినచో తెల్లకణములు, ప్లేట్లెట్లు తగ్గియుండును. ఈ జబ్బు పడిన ప్రతి నూరుమందిలో ముగ్గురు మొదలు ఐదుగురు చనిపోవుచున్నారు.

లక్షణములను బట్టి మాత్రమే దీనిని డెంగ్యూ నుండిగాని, మలేరియా నుండిగాని, వరి మళ్ళలో ఎలుకల వలన వచ్చు జ్వరము నుండిగాని వేరుచేయుట వైద్యునకు కూడ కష్టము. కావున మీరు చెప్పు మాటయే అతనికి ఆధారము. ఏ దినమున ఏ అడవికి పోయితిరి, అక్కడ కోతులు చచ్చియుండుట చూచితిరా, ఒంటి మీద పిడుదులు దొరకినవా అను మూడు సంగతులు అడుగకపోయినను చెప్పవలెను. మొదటి దినములలో రక్తములో వైరస్‌నే కనుగొను పరీక్ష కలదు. ఆలస్యమైనచో వేరు పరీక్ష చేయుదురు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఒకటి రెండు వారములలో జ్వరము దిగిపోవును. నూటికి ఎనబది తొంబదిమందికి కథ అంతటితో ముగియును. నీరసము మాత్రము కొన్ని వారములుండును. మిగిలిన పది ఇరువదిమంది విషయము వేరు. వారు ఒకటి రెండు వారములపాటు అన్నము తినుచు, తిరుగుచు, బాగుగనే ఉందురు. పిమ్మట జ్వరము మరల వచ్చును. ఈసారి దెబ్బ మెదడు మీదను, దాని పొరల మీదను పడును. భరింపరాని తలనొప్పి, వాంతులు, మెడ బిగిసి గడ్డము రొమ్మునకు ఆనకపోవుట, చేతులు వణకుట, చూపు మసకబారుట, తల తిరుగుట కలుగును. రోగి పొంతన లేని మాటలాడును, ఇంటివారిని గుర్తింపకపోవచ్చును. ఇట్టి సమయమున గాలి సోకినదని భూతవైద్యుని కొరకు పరుగెత్తుట తగదు. వెంటనే జిల్లా ఆసుపత్రికి చేర్చవలెను. ఈ రెండవ విడత పడినవారిలో పెక్కుమంది బ్రతికి బయటపడుదురు గాని కోలుకొనుటకు నెలలు పట్టవచ్చును.

ఐరోపాలోని పిడుదు జ్వరము నడక కూడ ఇట్టిదే. అచ్చట మొదట జలుబు జ్వరమువలె వచ్చి, వారము దినములు ఎడమిచ్చి, పిమ్మట మెదడును పట్టును. వయసు మళ్ళినవారిని అది ఎక్కువగా బాధించును.

సంసారము మోయు మగవానిని, ఆడుదానిని జ్వరము విడిచిన మూడవనాడు ఇంట కూర్చుండబెట్టుట తేలిక కాదు. కోత వచ్చినది, కూలి పోవుచున్నది. అయినను జ్వరము దిగిన తేదీని గోడ మీది పంచాంగములో గుర్తుపెట్టి, ఆనాటి నుండి మూడు వారములు రోగిని బరువు పనికి పంపరాదు. ఒంటరిగా అసలే పంపరాదు. తలనొప్పి తిరిగి మొదలైనదనిన అదే హెచ్చరిక.

దీనికి ప్రత్యేకమైన మందు ఇంకను లేదు. ద్రవములు ఇచ్చుట, రక్తపోటును, రక్తస్రావమును కనిపెట్టి యుండుటయే చికిత్స. జ్వరమునకు పారాసిటమాల్ చాలును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రక్తస్రావమును పెంచును గనుక వాడరాదు. ఒంటినొప్పులకు ఒక సూది వేయించుకొనుట మన పల్లెల అలవాటు. ప్లేట్లెట్లు తగ్గిన మనిషికి ఆ సూదియే ముప్పు తేగలదు. ఈ జబ్బు మనిషి నుండి మనిషికి అంటదు గనుక రోగిని వెలివేయనక్కరలేదు. పూర్వము వేయుచుండిన టీకా బలము చాలదని తేలి 2022లో నిలిపివేయబడినది.

అడవికి పోక తప్పనివారు నిండు చేతుల చొక్కా, పొడుగు లాగు ధరించి, లాగు అంచులను మేజోళ్ళలోనికి దోపవలెను. చర్మమునకు పూసికొను డెపా నూనె మలెనాటిలో పంచిపెట్టుచున్నారు. ఇంటికి రాగానే బట్టలు వేడినీట వేసి, సబ్బుతో స్నానము చేసి, చంకలు, గజ్జలు, మోకాటి వెనుక, చెవుల వెనుక ఒకరికొకరు వెదకి చూచుకొనవలెను. పిడుదు దొరకినచో చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి తిన్నగా లాగవలెను. కిరోసిను పోయుట, బీడీతో కాల్చుట, గోళ్ళతో నలుపుట కూడదు.

పశువునకు ఈ జ్వరము రాదు. కాని అడవిలో మేయు పశువు రక్తము త్రాగియే పెద్ద పిడుదులు బలిసి, నేలరాలి, వేల గ్రుడ్లు పెట్టును. కావున పశువైద్యుని సలహాపై మందు వేయించి పశువుల మీది పిడుదులను తీసివేయించవలెను. తెచ్చిన రాలుటాకులను ఇంటి వాకిట గుట్ట వేయక దూరముగా వేయవలెను. చచ్చిన కోతి కనిపించినచో చేరువకు పోరాదు. కళేబరము చల్లబడగానే దాని మీది పిడుదులు దిగి చుట్టు నేలపై కాచుకొని యుండును. ఆ చోటు గుర్తుపెట్టుకొని అటవీశాఖ వారికి గాని, పశువైద్యశాల వారికి గాని అదే దినమున తెలుపవలెను.