కార్చిచ్చు వాతావరణం: ఏ అంకె చూడాలి?

2019 అక్టోబరు చివరి వారం. మేముండేది శాన్ ఫ్రాన్సిస్కోకి తూర్పున, కొండల అంచున. అమ్మా నాన్నగారూ ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చారు. ఒక సాయంత్రం ఫోన్లో రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ కనబడింది. యాప్ తెరిస్తే ఉష్ణోగ్రత మామూలుగానే ఉంది. స్వెటర్లు వేసుకునే చలిలో మంటలేమిటని నేను మళ్ళీ లాప్‌టాప్‌లో పడ్డాను. నాన్నగారు పెరట్లో ఎండుగడ్డి గుప్పెడు నలిపి చూసి వచ్చి, "గడ్డివాముని తగలబెట్టేది ఎండ కాదురా, గాలి. పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టావు?" అన్నారు.

ఆయన చెప్పిందే సరైనదని తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. ఆ లెక్క మీరూ చూడండి.

కాలిఫోర్నియాలో గాలి మామూలుగా సముద్రం నుంచి నేల మీదకి వీస్తుంది. నెవాడా, యూటాల ఎత్తు పీఠభూమి మీద అధిక పీడనం ఏర్పడినప్పుడు ఇది తిరగబడుతుంది. గాలి కొండలు దాటి కిందికి జారుతుంది. దీన్ని ఉత్తరాన డయాబ్లో అంటారు, దక్షిణాన శాంటా ఆనా. దిగే గాలి నొక్కుకుపోయి, సైకిల్ పంపులో గాలిలాగా వేడెక్కుతుంది. కిలోమీటరుకి సుమారు 10 డిగ్రీల సెల్సియస్. 1500 మీటర్ల ఎత్తున 5 డిగ్రీలు, 40 శాతం తేమ ఉన్న గాలి సముద్రమట్టానికి దిగితే 20 డిగ్రీలవుతుంది. అందులోని ఆవిరి ఎక్కడికీ పోలేదు. కానీ వెచ్చటి గాలికి ఆవిరిని పట్టే శక్తి ఎక్కువ కనక తేమ 18 శాతానికి పడిపోతుంది. 20 డిగ్రీలంటే మనకి హాయి. గడ్డికి కాదు.

ఎండిన గడ్డీ పుల్లలూ చుట్టూ ఉన్న గాలి తేమకి సర్దుకుంటాయి. మన భాషలో ఇది ఎక్స్‌పోనెన్షియల్ మూవింగ్ ఏవరేజ్. మార్పులో 63 శాతం పూర్తవడానికి గడ్డి, పావు అంగుళం లోపు పుల్లలకి ఒక గంట. అంగుళం లోపు కొమ్మలకి 10 గంటలు. మూడు నుంచి ఎనిమిది అంగుళాల దుంగలకి 1000 గంటలు. అంటే నిన్న మంచు కురిసిన గడ్డి కూడా ఇవాళ మధ్యాహ్నానికి సిద్ధం. దుంగలు మాత్రం ఎన్నో వారాల ఎండని గుర్తుపెట్టుకుంటాయి.

పారడైజ్ ఊరిని కాల్చేసిన క్యాంప్ ఫైర్ 2018 నవంబరు 8న పొద్దున్న ఆరున్నర ప్రాంతంలో మొదలైంది. రావలసిన వానలు రాలేదు, తూర్పు గాలి ఉధృతంగా ఉంది. 85 మంది చనిపోయారు. లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటలు 2025 జనవరి 7న, నడిచలికాలంలో పుట్టాయి. అంతకుముందు రెండు శీతాకాలాలు బాగా వానలు పడి గడ్డీ పొదా ఏపుగా పెరిగాయి. తర్వాత ఎనిమిది నెలలు వాన దాదాపు లేదు. మంచి వాన కూడా ఇలా ఇంధనమవుతుందని నాకు చాలాకాలం తట్టలేదు.

లాస్ ఏంజెలెస్ వైపు రెడ్ ఫ్లాగ్‌కి ఒక కొలత ఇది: తేమ 15 శాతం లోపు, గాలి గంటకి 25 మైళ్ళు లేదా విసుర్లు 35 మైళ్ళు, ఆరు గంటల పాటు. ఊరిని బట్టి ఈ హద్దులు మారతాయి. ఉష్ణోగ్రత ఆ కొలతలో లేనే లేదు, గమనించారా?

ఇంకో అంకె రాత్రి తేమ. మామూలుగా చీకటి పడితే గాలి చల్లబడి తేమ కోలుకుంటుంది, మంట నెమ్మదిస్తుంది. డయాబ్లో వీచే రాత్రి కొండల మీద అది జరగదు. 2017 అక్టోబరు 8 రాత్రి పదింటికి కాస్త ముందు పుట్టిన టబ్స్ ఫైర్, జనం నిద్రలో ఉండగానే శాంటా రోసా చేరింది. అందుకే నేను గంటల వారీ పట్టికలో ముందు రాత్రి రెండింటి తేమా, గాలీ చూస్తాను.

ఆ 2019 రాత్రి ముందుజాగ్రత్తగా మా వీధికి కరెంటు తీసేశారు. అమ్మ మందులు, పాస్‌పోర్టులు, హెచ్ వన్ కాగితాలు సూట్‌కేసుల్లో సర్దాం. నాన్నగారు తెల్లారేదాకా కిటికీ దగ్గరే కూర్చున్నారు. మర్నాటికి గాలి తగ్గింది. సూట్‌కేసులు మాత్రం వారం పాటు కారు డిక్కీలోనే ఉన్నాయి.